డ్రమ్ము చూడని కోటు

మా షాపులో బట్టలు డ్రైక్లీనింగ్ చేయడానికి ఒక పెద్ద మెషీన్, చేయకుండా ఆపడానికి ఒక ముక్కు మాస్టారు ఉండేవారు.

మెషీన్ సంగతి అందరికీ తెలుసు. గాజు తలుపున్న డ్రమ్ము, అందులో నీళ్ళ బదులు పోసే మందు, గుమ్మంలోకి అడుగుపెట్టగానే గొంతులో పట్టుకునే ఆ మందు వాసన. మాస్టారి సంగతి మాత్రం షాపు పెద్దాయనకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

నేనెవరంటే, ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని కూర్చునేదాన్ని. ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం నా పని. పొట్ట పెరిగినవాళ్ళు వచ్చి మా బట్ట మీ మెషీన్‌లో కుంచించుకుపోయిందని నిలదీస్తే, కాదనకుండా నడుము దగ్గర రెండంగుళాలు వదులు చేసి పంపడం కూడా నా పనే. మిషను నాది. మిషను కింద నేల షాపువాళ్ళది. వాళ్ళు పొమ్మంటే మిషను మోసుకుని వీధిన పడాల్సిందే. ఇద్దరు పిల్లల చదువు ఆ చదరపు గజం మీద నిలబడి ఉంది.

మాస్టారికి అప్పటికి అరవై మూడేళ్ళు. వెనక గదిలో మరకలు తీసే బల్ల ఆయనది. బల్ల మీద చిన్న చిన్న సీసాలు, మూడు బ్రష్షులు, మరకను గీకే చదునైన చిన్న గరిటె, ఒక తడి తెల్లగుడ్డ. ఏ బట్ట వచ్చినా ఆయన ముందు దాన్ని తిరగేసి కాలర్ దగ్గర ముక్కు పెట్టేవారు. తర్వాత చంకల దగ్గర. తర్వాత తెల్లగుడ్డతో కాలర్‌ని ఒకసారి అద్ది, గుడ్డకి ఏం అంటిందో కిటికీ వెలుతురులో చూసేవారు. ఊళ్ళో పెద్దమనుషులందరి చంకలూ వాసన చూసిన మనిషి కాబట్టి ఎవరి మీదా ఆయనకి భ్రమలు ఉండేవి కావు.

"ఈయన రెండుసార్లే తొడిగాడమ్మాయ్. రెండోసారి ఏసీ గదిలో కూర్చున్నాడు," అనేవారు.

"ఏం మాట్లాడాడో కూడా చెప్పండి మాస్టారూ."

"మాట్లాడలేదు. మాట్లాడితే చెమట పట్టేది."

కోటుని నాలుగైదుసార్లు తొడిగితే గానీ దానికి డ్రమ్ము అక్కర్లేదని ఆయన సిద్ధాంతం. ప్యాంటు రెండు మూడుసార్లు వేశాక ఇవ్వొచ్చు. లోపల చొక్కా వేసుకుని తొడిగే ఉన్ని స్వెట్టర్‌కి చలికాలం మొత్తానికి ఒకసారి చాలు. కాకపోతే పెట్టెలో పెట్టేముందు ఆ ఒక్కసారీ తప్పకూడదు, లేకపోతే పురుగు ముందు కాలర్ నుంచే భోజనం మొదలుపెడుతుంది. తోలు జాకెట్ రెండేళ్ళ దాకా అడగదు, పొడిగుడ్డతో తుడుస్తూ ఉంటే చాలు. పట్టు మాత్రం మహా పంతం గలది. చెమట పడితే మర్నాడే తీసుకురావాలి, వారం ఆగితే ఆ పసుపు మచ్చని దేవుడు కూడా తీయలేడు.

"మురికైతే ఉతకాలి. అనుమానమైతే గాలికి వెయ్యాలి," అనేవారు. మందులో తిప్పిన ప్రతిసారీ బట్ట ఆయుష్షు కొంత కరిగిపోతుందని ఆయన బాధ. సొంత పిల్లలు లేరు. బట్టల మీద అంత బెంగ పెట్టుకోవడానికి అదే కారణమని వాళ్ళావిడ అనేది. ఆవిడకి మోకాళ్ళు పనిచేయవు, మాస్టారి జీతం తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

జనం సంగతి చెప్పాలంటే, ఇవ్వాల్సినవాడు ఇవ్వడు, అక్కర్లేనివాడు వారం వారం తెస్తాడు. ఒక లాయరుగారి నల్లకోటు మూడేళ్ళకోసారి వచ్చేది. అది బల్ల మీద పడుకునేది కాదు, కూర్చునేది. "కాస్త రంగు తగ్గిందేంటి?" అని వెళ్ళేటప్పుడు ఆయన గొణిగేవాడు. పోయింది రంగు కాదనీ, మూడేళ్ళ భోజనాలనీ ఆయనకి ఎవరు చెప్తారు? ఇంకొకావిడ ఒక గంటసేపు ఫొటోల కోసం తొడిగిన గౌనుని చేతులకి అంటకుండా రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చేది, ఎవరో పరాయి మనిషి తొడిగినట్టు.

వయసులో ఉన్నప్పుడు మాస్టారు నిజమే చెప్పేవారట. "ఇది బాగానే ఉందండీ, ఇంట్లో రెండు రోజులు నీడన గాలికి వేలాడదీయండి," అని. విన్నవాళ్ళు మర్యాదగా తల ఊపి, తిన్నగా ఎదురు వీధి షాపుకి పోయి, మావాళ్ళు పనిదొంగలని చెప్పి అక్కడ ఇచ్చేవారట. షాపు పెద్దాయన తల పట్టుకున్నాడు. "చెప్పకు. తీసుకో. లోపల నీకు ఏది మంచిదని తోస్తే అది చెయ్యి," అన్నాడు. అలా పుట్టింది గాలి వరస.

వెనక గదిలో రెండు ఇనప కడ్డీలు ఉండేవి. ఒకటి డ్రమ్ము వరస, రెండోది గాలి వరస. గాలి వరసలో తగిలించినవి మేడ మీదికి వెళ్ళేవి. రేకుల నీడలో తాడు మీద ఒక రోజంతా వేలాడేవి. మాస్టారు వాటిని మెత్తటి బ్రష్షుతో దులిపి, కాలర్ అద్ది, ఆవిరి పట్టి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవరు తొడిగి కౌంటర్‌కి పంపేవారు. మధ్యాహ్నం నాలుగింటికి ఆయనతో పాటు మేడెక్కి బట్టలు దించేది నేనే. ఆయనకి మెట్లు కష్టం, నాకు కబుర్లు కావాలి.

అది మోసం కాదా అని నన్నడిగితే, మోసమే. ఆయన మొహం మీదే అన్నాను.

"జ్వరం లేనివాడు డాక్టర్ దగ్గరికొస్తే సూది పొడుస్తాడా? చూసినందుకు ఫీజు తీసుకుంటాడు. నేనూ అంతే," అన్నారు.

"జ్వరం లేదని డాక్టర్ చెప్తాడు కదా మాస్టారూ."

ఆయన కోటుని అటు తిప్పి వేశారు.

ఈ గాలి వరసకి మహారాజు మా ప్రిన్సిపాల్‌గారు. కాలేజీ నుంచి రిటైరై చాన్నాళ్ళయింది. సోమవారం పొద్దున్న పదింటికి బూడిదరంగు కోటుతో దిగేవారు. వారంలో ఒకటో రెండో సభల్లో ముందు వరస కుర్చీలో కూర్చోవడం తప్ప ఆ కోటుకి వేరే శ్రమ లేదు. మనిషి రెండుపూటలా స్నానం చేస్తాడు. చొక్కా కాలర్ కత్తిలా ఉంటుంది. ఆయన ఒంటికి చెమట పట్టాలన్నా ముందు దరఖాస్తు పెట్టుకోవాలేమో. మాస్టారి ముక్కుకి ఆ కోటులో పదకొండేళ్ళుగా ఏమీ దొరకలేదు. పదకొండేళ్ళూ అది తాడు మీద ఊగి ఇంటికి పోయింది.

"వేరేచోట ఇస్తే మందు కంపు కొడుతుందయ్యా. ఇక్కడిస్తే కొత్తదానిలా వస్తుంది. డ్రైక్లీనింగ్ అంటే ఇదీ," అని ప్రిన్సిపాల్‌గారు కౌంటర్ దగ్గర నలుగురు వినేలా అనేవారు. నేను నవ్వు ఆపుకోలేక దారం తెంపేదాన్ని.

అలా రోజులు గడుస్తుండగా పెద్దాయన మంచాన పడ్డాడు, ఆయన అల్లుడు షాపుకి వచ్చాడు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఈ అల్లుడు దానం చేసే రకం కాదు. నున్నటి బూట్లు, చేతిలో రెండు ఫోన్లు, మనుషులతో మాట్లాడేటప్పుడు మూడో ఫోను కోసం వెతుకుతున్నట్టు చూపులు. వచ్చిన నెలలోపే కౌంటర్ వెనక గోడ మీద ఒక పెద్ద పట్టిక తగిలించాడు. "ఏ దుస్తులు ఎప్పుడెప్పుడు" అని పైన ఎర్ర అక్షరాలు. కోటు రెండుసార్లు తొడిగాక. ప్యాంటు తొడిగిన ప్రతిసారీ. స్వెట్టర్ పదిహేను రోజులకి. పట్టుబట్టలు తొడిగితే మర్నాడు, తొడగకపోతే మూడు నెలలకోసారి. పరదాలు రెండు నెలలకి.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. "ఈ లెక్కన బట్టలు మన దగ్గరే కాపురం ఉంటాయి. జనం అప్పుడప్పుడూ వచ్చి చూసి పోవాలి," అన్నారు నాతో.

కానీ అచ్చులో ఉన్నమాటకి విలువ వేరు, దాని మీద నిగనిగలాడే ప్లాస్టిక్ రేకు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఒకప్పుడు మాస్టారు నోటితో చెబితే వినని ఊరు ఆ పట్టిక ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "అయ్యో, మేం ఇన్నాళ్ళూ ఇంత మురికిగా బతికామా," అని ఒకావిడ నిజంగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బట్టలు రెట్టింపు వచ్చాయి. వచ్చినవాటిలో సగానికిపైగా శుభ్రమైనవే కాబట్టి మేడ మీద తాడు చాలక మాస్టారు ఇంకో రెండు తాళ్ళు కట్టారు.

అల్లుడుగారికి అక్కడే అనుమానం వచ్చింది. బట్టలు రెట్టింపైతే డ్రమ్ములో మందు కూడా అంతే వేగంగా తగ్గాలి కదా. తగ్గడంలేదు. ఎవరైనా దొంగిలిస్తే తొందరగా అయిపోవాలి గానీ, ఇదేం దొంగతనం? మెకానిక్‌ని పిలిపించాడు. మెషీన్ గుండ్రాయిలా ఉందన్నాడు మెకానిక్. రెండు రోజులు అటూఇటూ తిరిగి, ఒక మధ్యాహ్నం నాలుగింటికి మా వెనకే మేడెక్కాడు అల్లుడుగారు. మూడు తాళ్ళ మీద నలభై కోట్లు గాలికి చేతులూపుతున్నాయి.

మాస్టారు దాచలేదు. గాలి వరస అంటే ఏంటో, మామగారు ఏం చెప్పారో అంతా చెప్పేశారు. ఇక ఈయన ఉద్యోగం అయిపోయినట్టే అనుకున్నాను. ఈ వయసులో ముక్కుని చూసి ఎవరు పనిస్తారు?

అల్లుడుగారు అరవలేదు. నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కో కోటునీ తాకి చూస్తూ, తాడు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నవ్వుకుంటూ నడిచాడు.

"మాస్టారూ, మీరు ఇంత తెలివైనవాళ్ళని మామయ్య ఎప్పుడూ చెప్పలేదే. రేపట్నించి అన్నీ ఇక్కడికే. కంటికి కనబడే మరక ఉంటేనే డ్రమ్ము."

"అన్నీ కుదరదు బాబూ. చెమట పట్టినవి డ్రమ్ముకి పోవాలి. చెమట కనబడదు, బట్టని లోపల్నుంచి తినేస్తుంది."

"పదకొండేళ్ళు తినలేదుగా ప్రిన్సిపాల్ కోటుని."

"అది వేరే కోటు. ఆ మనిషి వేరు."

"సెంటు కొట్టండి," అన్నాడు అల్లుడుగారు, ఫోను చూసుకుంటూ.

మాస్టారి పరిస్థితి చూస్తే నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ముప్ఫై ఏళ్ళు మంచికోసమని ఆడిన నాటకం దొంగ చేతికి తాళంచెవి అయి కూర్చుంది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన సీసాల మూతలు ఒక్కొక్కటిగా బిగించారు.

మూడు వారాలు అలాగే నడిచింది. డాన్స్ నేర్పే ఒకావిడ పట్టుగౌను తెచ్చింది, చంకల దగ్గర ఇంకా తడి ఆరలేదు. అల్లుడుగారు దాన్ని తాడుకి వేయించాడు. మాస్టారు చెప్పకుండా దించి, మరక బల్ల మీద చేత్తో శుభ్రం చేసి డ్రమ్ములో వేశారు. అల్లుడుగారికి తెలిసింది.

"ఇంకోసారి నన్నడక్కుండా డ్రమ్ము తిప్పితే ఆ బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోండి మాస్టారూ," అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆ ఆదివారం మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చారు. ప్రిన్సిపాల్‌గారికి నిజం చెప్పాలని. చదువుకున్న మనిషి, అర్థం చేసుకుంటాడు, ఆయన మాట ఊరు వింటుంది, ఊరు వింటే అల్లుడు దిగొస్తాడు అని లెక్క. ముప్ఫై ఏళ్ళు మనుషుల చంకలు వాసన చూసినా, వాళ్ళ బుర్రలు ఆయనకి అందలేదని నాకు అప్పుడే అనిపించింది. వద్దని చెప్పాను. వినలేదు.

సోమవారం పదింటికి ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. మాస్టారు వెనక గదిలోంచి కౌంటర్ దగ్గరికి వచ్చి, చేతులు తుడుచుకుని, నిదానంగా చెప్పారు.

"మీ కోటు పదకొండేళ్ళుగా డ్రమ్ములోకి పోలేదండీ. అవసరం రాలేదు. మీరు అంత శుభ్రంగా ఉంటారు. గాలికి వేసి, దులిపి ఇస్తున్నాను. ఇకనుంచి ఏడాదికి రెండుసార్లు తెస్తే చాలు. చెమట పట్టేవాళ్ళవి మాత్రం ఇప్పుడు ఇక్కడ శుభ్రం కావడంలేదు. ఆ మాట మీలాంటి పెద్దలు చెబితే జనం వింటారు."

మనిషిని ఇంతకంటే పొగడటం ఎలాగో నాకు తెలియదు. ప్రిన్సిపాల్‌గారి మొహం మాత్రం కోటు రంగులోకి మారింది. పదకొండేళ్ళు ఉతకని కోటుతో సభల్లో కూర్చున్నానన్నమాట ఒక్కటే ఆయన చెవికెక్కింది.

"నన్నేమనుకుంటున్నావయ్యా? ఉతికిన బట్టకీ ఉతకని బట్టకీ తేడా తెలియని మనిషిననుకున్నావా?"

అల్లుడుగారు పరుగున వచ్చాడు. "పెద్దాయనండీ, మతి కాస్త అటూఇటూ అవుతోంది. మీరు పట్టించుకోకండి."

"ఇప్పుడే నా కళ్ళముందు ఆ డ్రమ్ములో వెయ్యండి. చూస్తా," అని ప్రిన్సిపాల్‌గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మాస్టారు అడ్డం వచ్చారు. "వద్దు బాబూ. ఛాతీ దగ్గర లోపల జిగురుతో అతికించిన గుడ్డ ఉంది. పాత జిగురు. ఇప్పుడు మందు తగిలితే ఊడొస్తుంది. ఆయన చూడాలంటే నేను చేత్తో చేసి చూపిస్తా."

అల్లుడుగారు ఆయన్ని పక్కకి జరిపి, కోటుని తనే డ్రమ్ములో వేసి మీట నొక్కాడు. గాజు తలుపు వెనక ఆ కోటు మొదటిసారి గిరగిర తిరిగింది. ప్రిన్సిపాల్‌గారు పేపరు చదువుకున్నారు. మాస్టారు గోడకానుకుని నిలబడ్డారు. నేను ఒక ప్యాంటుకి అంచు కుట్టసాగాను.

గంట తర్వాత తలుపు తీశారు. కోటు ముందుభాగమంతా పొక్కులు, కాలిన చర్మంలా. ఒకవైపు అంచు మెలితిరిగింది. గదంతా మందు కంపు.

ప్రిన్సిపాల్‌గారు కోటుని రెండు చేతులతో ఎత్తి చూశారు. నిజానికి ఆయన కళ్ళు చెమర్చాయి. కానీ తర్కం మాత్రం చెమర్చలేదు.

"పదకొండేళ్ళు వారం వారం ఈ డ్రమ్ములోకి వెళ్ళొచ్చిన కోటు ఇవాళే ఎందుకు పాడవుతుంది? ఈ మనిషే ఏదో చేశాడు. నన్ను అవమానించడానికి ముందే ఏదో పూసి పెట్టాడు."

"నేను దాన్ని ముట్టుకోలేదండీ," అన్నారు మాస్టారు. "డ్రమ్ముకి అలవాటు లేక అలా అయింది. అదే కదా పొద్దున్నించి చెప్తున్నా."

యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. ప్రిన్సిపాల్‌గారు గిర్రున నా వైపు తిరిగారు. పాఠం అప్పజెప్పమన్నట్టు వేలు చూపించారు.

"నువ్వు చెప్పమ్మా. ఏళ్ళ తరబడి ఇక్కడే కూర్చుంటున్నావు. నా కోటు డ్రమ్ములో వేసేవారా, లేదా?"

నా పెదాల మధ్య రెండు గుండుసూదులు ఉన్నాయి. వాటిని తీసి డబ్బాలో వేయడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ తీసుకున్నాను. ఆ కోటుని నా భుజం మీద వేసుకుని ఎన్ని వందలసార్లు మెట్లు దిగానో నాకే లెక్కలేదు. మాస్టారు నా వైపు చూశారు. అల్లుడుగారు నన్ను చూడలేదు, నా మిషను కింద నేలని చూశాడు.

"నాకు తెలియదండీ," అన్నాను. "నేను ముందు గదిలో ఉంటాను కదా."

జనాన్ని ఇంతసేపూ వెక్కిరించిన నోరే అది.

మాస్టారు ప్రిన్సిపాల్‌గారితో, "నిజమేనండీ. పాపం ఈ అమ్మాయికి మేడ మీదికి దారి కూడా తెలియదు," అన్నారు.

ఆ మాట విని సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అల్లుడుగారు రేపట్నించి రానక్కర్లేదని ఆయనతో అనడం వినబడింది. బ్రష్షులు ఆయన సొంతం, వాటిని కాగితంలో చుట్టుకుని వెళ్ళిపోయారు. గుమ్మం దాటేటప్పుడు "వస్తానమ్మా" అన్నారు, రోజూ అన్నట్టే. నేను మిషను తొక్కుతూనే ఉన్నాను, దారం తెగిపోయిందని కూడా చూసుకోలేదు.

నాలుగింటికి అల్లుడుగారు కౌంటర్ దగ్గర్నుంచి ఫోనులోంచి తలెత్తకుండా, "అమ్మా, పైన బట్టలు దించుకురా," అన్నాడు.

దారి ఎటని నేను అడగలేదు. వెళ్ళి దించుకొచ్చాను.